కాల్షీట్లూ సింథసైజర్ జ్ఞాపకశక్తీ

డిజిటల్ సింథసైజర్ వచ్చి అనలాగ్‌ను వెళ్ళగొట్టింది, కొన్నాళ్ళకు పాతదాని మీద మోజు పుట్టి అనలాగ్ తిరిగొచ్చింది: సింథసైజర్ చరిత్ర ఎవరు చెప్పినా ఇదే వరస. మన దక్షిణాదికి వచ్చేసరికి దీనికి ఇంకో ముక్క తగిలిస్తారు. 1992లో ‘రోజా’తో కంప్యూటర్ సంగీతం దిగిందనీ, అంతకుముందంతా వయొలిన్లూ తబలాలేననీ. రెండూ వినడానికి బాగుంటాయి. ఆ కాలం పాటలు శ్రద్ధగా విని, ఆ యంత్రాల మూతలు తీసి చూస్తే మాత్రం రెండూ నిలవవు.

మొదటి ఘట్టాలు అందరికీ తెలిసినవే. 1960ల నడుమ న్యూయార్క్ రాష్ట్రంలో రాబర్ట్ మూగ్, కాలిఫోర్నియాలో డాన్ బుక్లా విడివిడిగా మాడ్యులర్ యంత్రాలు కట్టారు. శబ్దం పుట్టించే ఆసిలేటర్ ఒక పెట్టె, దాన్ని వడగట్టే ఫిల్టర్ ఒక పెట్టె, మధ్యలో వైర్లు. మూగ్ లెక్కలో వోల్టేజి ఒక వోల్టు పెరిగితే స్వరం ఒక స్థాయి పెరుగుతుంది. 1969లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ అలాంటి మూగ్‌తో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో స్టూడియో పెట్టాడు. గీతా సారాభాయ్, అతుల్ దేశాయ్, ఐ.ఎస్. మాథుర్ వంటివారు దానిమీద పనిచేశారు. ఆ టేపులు 2023లో గానీ ఆల్బమ్‌గా రాలేదు. ఇంచుమించు అదే సమయంలో బెల్ లాబ్స్‌లో మాక్స్ మాథ్యూస్, లండన్‌లో పీటర్ జినోవీఫ్ కంప్యూటర్ల చేత అనలాగ్ పరికరాలను నడిపించారు. అంటే ఇక్కడ డిజిటల్ వచ్చింది అనలాగ్‌కు పోటీగా కాదు, దాన్ని నడపడానికే.

అసలు తగాదా 1978 నుంచి 1983 దాకా. ఆ అయిదేళ్ళనూ ‘అనలాగ్ చివరి వైభవం’గా వర్ణించడం రివాజు. కానీ 1978లో వచ్చిన ప్రొఫెట్-5 లోపల ఉన్నదేమిటి? గొంతు అనలాగ్. నాబులు ఎక్కడ తిప్పి ఉన్నాయో గుర్తుపెట్టుకునేది మాత్రం జెడ్-80 మైక్రోప్రాసెసర్. నలభై టోన్లు దాచుకుని, మీట నొక్కగానే తిరిగి ఇచ్చేది. 1981 నాటి రోలాండ్ జూపిటర్-8 కూడా అదే తంతు. బొంబాయి సంగీతకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లో ఆ జూపిటర్‌కు టీఆర్-808 డ్రమ్ యంత్రం, టీబీ-303 బేస్ యంత్రం జోడించి పది రాగాలను డిస్కో దరువు మీద రికార్డు చేశాడు. 2010లో అది మళ్ళీ విడుదలైనప్పుడు, ఆసిడ్ హౌస్ అనే డాన్స్ సంగీతం కంటే ముందే ఆసిడ్ హౌస్ అని పాశ్చాత్యులు ఆశ్చర్యపోయారు. వాళ్ళ సంగీతానికి ముందుమాటగా చదివితే తప్ప మన రికార్డుకు విలువ కట్టరా అనిపిస్తుంది నాకు. వినవలసింది వేరే ఉంది: స్వరాల వరసను గుర్తుపెట్టుకుని వేళకు పంపే సీక్వెన్సర్ డిజిటల్, పలికేది అనలాగ్. 303లోని జారుడు స్వరాలు రాగానికి కాస్త దగ్గరగా వెళ్ళాయి కూడా. రెంటి మధ్య గీత యంత్రానికీ యంత్రానికీ మధ్య లేదు. ఒకే యంత్రం కడుపులో ఉంది.

1983లో యమహా డీఎక్స్-7 వచ్చింది. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ 1967లో కనిపెట్టిన ఎఫ్ఎం పద్ధతి దాని ఆధారం. ఆరు ఆపరేటర్లు, వాటిని కలిపే ముప్ఫై రెండు అల్గోరిథంలు, ఒకేసారి పదహారు స్వరాలు. ఈసారి గొంతు కూడా డిజిటల్. అదే ఏడాది జనవరిలో ప్రొఫెట్-600నూ జూపిటర్-6నూ మిడి తీగతో కలిపి చూపించారు. వేర్వేరు కంపెనీల యంత్రాలు ఒకదాని మాట ఒకటి వినడం అక్కడ మొదలు.

అప్పటికి తెలుగు పాట ఎక్కువగా మద్రాసులోనే పుడుతోంది. మాడ్యులర్ అక్కడ ఎందుకు పాతుకోలేదు? దిగుమతి సుంకం అంటారు. నిజమే. ఎండకు ఆసిలేటర్ శ్రుతి తప్పుతుందంటారు. అదీ నిజమే. నా లెక్కలో వీటికంటే పెద్ద కారణం కాల్షీటు. రికార్డింగ్ థియేటరుకు, వయొలిన్ బృందానికి, గాయకులకు పూటల లెక్కన డబ్బు. నోట్స్ చేతికొచ్చిన కాసేపటికి టేక్. ప్రిల్యూడ్‌లో గంటల టోన్, చరణం ముందు బిట్‌లో వేణువు లాంటిది, వెంటనే బేస్: ఇవన్నీ ఒకే కీబోర్డు ప్లేయర్ ఇవ్వాలి. మాడ్యులర్ మీద ఒక టోన్ కట్టడానికి వైర్లు పీకి గుచ్చుతూ కూర్చుంటే వయొలిన్ల వరస మొత్తం ఖాళీగా కూర్చోవాలి, పైగా నిన్నటి టోన్ ఇవాళ అచ్చంగా రాదు. కీబోర్డులు అద్దెకు తిరిగేవి కూడా. 1976లో సంగీత దర్శకుడు ఆర్.కె. శేఖర్ పోయాక ఆ కుటుంబం ఆయన వాయిద్యాలను అద్దెకిచ్చుకునే బతికింది. వ్యాన్ దిగి గంటలో మోగాల్సిన వాయిద్యానికి జ్ఞాపకశక్తి కావాలి.

దీనికి అడ్డు సాక్ష్యం లేకపోలేదు. జ్ఞాపకం బొత్తిగా లేని మినీమూగ్‌ను బొంబాయిలో కెర్సీ లార్డ్ సినిమా పాటల్లో వాయించాడు. పాటంతటికీ ఒక్క టోన్ చాలినప్పుడు అది కుదురుతుంది, నాలుగైదు మారాల్సినప్పుడు కుదరదు. అందుకే కాల్షీటును ఏకైక కారణం అనను, ముఖ్య కారణం అంటాను.

శేఖర్ కొడుకే రెహమాన్. ‘రోజా’కు ముందు రమేష్ నాయుడు దగ్గర, ఇళయరాజా దగ్గర, రాజ్-కోటి దగ్గర కీబోర్డులు వాయించాడు. ‘డాన్స్ మాస్టర్’గా మనం తెలుగులో చూసిన 1986 నాటి ‘పున్నగై మన్నన్’లోనే సీక్వెన్సర్ మోగింది. కాబట్టి 1992లో కొత్తగా దిగిన యంత్రం లేదు. ‘రోజా’ నాటికి తన ఇంటి ఆవరణలోనే రెహమాన్ స్టూడియో కట్టుకున్నాడు, కాల్షీటు గడియారం ఆగిపోయింది. ‘రోజా’లో కొత్తది తీరిక. అంతకుముందే ఈ యంత్రాలు మోగిన సంగతి చరిత్రకెక్కకపోవడానికి క్యాసెట్ అట్టలు కొంత కారణం. వాటిమీద దర్శకుడు, కవి, గాయకుల పేర్లుంటాయి. టోన్లు కట్టిన విజీ మాన్యుయెల్ లాంటివారి పేర్లుండవు.

ఇక నేటి సంగతి. 1990ల నడుమ జర్మనీలో డీటర్ డాప్ఫర్ మొదలుపెట్టిన యూరోర్యాక్ ఇప్పుడు లోకమంతా పాకింది. అనలాగ్ వెచ్చదనం అంటూ అమ్ముతారు. అందులో పేరు మోసిన మాడ్యూళ్ళు, ఎమిలీ జిలే తీర్చిన బ్రెయిడ్స్ వంటివి, లోపల డిజిటల్ చిప్పులే. నాకు అభ్యంతరం చిప్పు మీద కాదు, ఆ ప్రకటన మీద. ఈ పెట్టెల ముందు తీరిక పుష్కలంగా ఉన్నవాళ్ళు కూడా గంటల తరబడి ఒకే స్వరాన్ని సాగదీయడం దగ్గర ఆగిపోవడం ఇంకో విచారం. ఆ పని ఏ చిన్న ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె అయినా చేస్తుంది.

మన సంగీతానికి ఈ అనలాగ్-డిజిటల్ జోడీ పనికొచ్చే చోటు గమకం. మామూలు మిడిలో ఒక చానెల్ మీది స్వరాలన్నీ కలిసే వంగుతాయి. ఒక్కో వేలికి ఒక్కో వంపు ఇచ్చే ఎంపీఈ 2018లో గానీ ప్రమాణంగా కుదరలేదు. దానికంటే ముందే లిపోల్డ్ హాకెన్ చేసిన కంటిన్యుయమ్ పలక ఆ పని చేసింది. ‘ఢిల్లీ-6’లోని ‘రెహనా తూ’లో రెహమాన్ దాన్ని వాయించాడు. అది డిజిటల్ వాయిద్యమే అయినా, తగిన పెట్టె తగిలిస్తే వేలి కదలికను వోల్టేజిగా మార్చి అనలాగ్ మాడ్యూళ్ళకు పంపగలదు. మిశ్రచాపుకైతే ఇంత హంగు అక్కర్లేదు, సీక్వెన్సర్‌ను ఏడో అడుగు అయ్యాక మొదటికి తిప్పితే సరి. గమకాల కాంభోజికి మాత్రం కావాలి.

తమిళనాడులో మా మంసాపురం, రాజపాళయం చుట్టుపక్కల తిరునాళ్ళ ఆర్కెస్ట్రాలకు ఇదంతా దూరపు ముచ్చట. ఇలాంటి బృందాల చేతుల్లో తిరిగేది పాత రోలాండ్ ఎక్స్‌పీ-60, లేదా ఎక్స్‌పీఎస్-10. మీట నొక్కితే నాదస్వరం. అదే గుళ్ళో, అదే పూట, అసలు నాదస్వర విద్వాంసుడు సంభావన కోసం ఎదురుచూస్తూ ఉంటాడు. కంటిన్యుయమ్ ధరా తగ్గేలా లేదు, కాల్షీటు అలవాటూ పోయేలా లేదు గనుక, ఇంకా చాలా ఏళ్ళు ఆ మీటే నడుస్తుంది.