చెరకు చుట్టూ గీసిన గీత

2012 సెప్టెంబరులో కేంద్రం చిల్లర వర్తకంలోకి విదేశీ పెట్టుబడిని 51 శాతం దాకా అనుమతిస్తూ, పది లక్షల జనాభా దాటిన నగరాలకే అని షరతు పెట్టింది. 2011 లెక్కల్లో నిజామాబాద్ జనాభా మూడు లక్షల పైచిలుకే. అలా ఇక్కడి కిరాణా కొట్లకు అడక్కుండానే అడ్డుగీత దొరికింది. మిగతాచోట్ల దానికోసం కొట్లాడాల్సి వచ్చింది. ఫ్రాన్స్ చిరువర్తకుల ఆందోళనతో 1973లో పెద్ద దుకాణాలను కట్టడి చేసే రోయే చట్టం వచ్చింది. కాలిఫోర్నియాలోని ఇంగిల్‌వుడ్‌లో వాల్‌మార్ట్ స్థానిక అనుమతులను తప్పించుకోజూస్తే 2004లో జనం ఓటేసి ఓడించారు.

నిజామాబాద్ జిల్లాలోనే ఉన్న బోధన్‌లో మాత్రం గీత గీసింది పెద్దవాడి కోసమే.

మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. కాలువ వెంట చెరకు పెరిగింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ కంపెనీ ఏర్పడింది, బోధన్ పక్కన శక్కర్‌నగర్ లేచింది. కోసిన చెరకు ఎండేకొద్దీ పంచదార దిగుబడి పడిపోతుంది. సీజనంతా బండ్లు ఆగకుండా రావాలి. అందుకే చెరకు జోన్. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు కింద ప్రభుత్వం ఒక ప్రాంతాన్ని ఒక ఫ్యాక్టరీకి కేటాయించి, అక్కడి చెరకు బయటికి పోకుండా కట్టడి చేయవచ్చు. బదులుగా ఫ్యాక్టరీ 14 రోజుల్లో డబ్బు కట్టాలి. ఆలస్యమైతే 15 శాతం వడ్డీ. ఈ గీత చిన్నవాళ్లకు ఎంత గట్టిగా తగలగలదో 1980లో ఉత్తరప్రదేశ్ చూపించింది: మిల్లుల జోన్లలో ఖండసారి (నాటు పంచదార) క్రషర్లను కొన్ని వారాలు ఆపించింది. సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది.

ఇదే జిల్లాలో పసుపుకు అలాంటి గీత లేదు. పోచంపాడ్ వైపు ఆర్మూరు, బాల్కొండ రైతు పసుపును నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తెస్తాడు. ధర ఎలా ఉన్నా, కొనడానికి పోటీపడే వ్యాపారులు నలుగురుంటారు. చెరకు రైతుకు ఉన్నది ఒక్క గేటే. అది తెరిచి ఉన్నంతకాలం ఆ ఏర్పాటు సాగింది.

2002లో ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించారు. బోధన్‌తోపాటు ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లూ ఆగాయి. చెరకు వేస్తే దూరంగా కామారెడ్డి వైపు ప్రైవేటు మిల్లుకు తోలాలి. చాలామంది వరికి మళ్లారు. 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఫ్యాక్టరీల పునరుద్ధరణకు కమిటీ వేసింది. జోన్ ఉత్తర్వుకు ఉన్న చెరకును ఆపే అధికారముంది గాని, వరి మళ్లలో చెరకు నాటించే అధికారం లేదు. కమిటీ ముందున్న చిక్కు యంత్రాలొక్కటే కాదు.