చేప ఇప్పుడెక్కడుంది: లైవ్ సోనార్ పుట్టుపూర్వోత్తరాలు

అమెరికాలో బాస్ చేపల పోటీకి దిగినవాళ్లు చాలామంది ఇప్పుడు నీళ్లవంక చూడరు. బోటు ముందుకొసన నిలబడి, తల వంచి, తెరవంకే చూస్తుంటారు. కాలి కింది పెడల్ తొక్కితే ముందున్న చిన్న కరెంటు మోటారు అటూ ఇటూ తిరుగుతుంది. దాని కాడకు బిగించిన సోనార్, అంటే ప్రతిధ్వనితో నీళ్లలోకి చూసే పరికరం, కూడా దాంతోపాటే తిరుగుతుంది. గాలం విసిరిన మరుక్షణం ఎర నీళ్లలోకి దిగడం తెరమీద మెరిసే చుక్కగా కనిపిస్తుంది. మునిగిపోయిన చెట్టుకొమ్మ పక్కన అంతకంటే పెద్ద చుక్క ఒకటి ఉంటుంది. అది కదులుతుంది, ఎర దాకా వస్తుంది, ఆగుతుంది, మనసు మార్చుకుని వెనక్కి తిరుగుతుంది. పైనున్న మనిషి వెంటనే ఎర మారుస్తాడు. నీటి అడుగున చేప తీసుకున్న నిర్ణయం పైవాడికి అదే క్షణంలో తెలిసిపోతుంది.

ఈ లైవ్ సోనార్‌కు వాడిన విద్య మాత్రం చాలా పాతది. దాని మొదటి మెట్టు ఒక మంచినీటి సరస్సులోనే పడింది. 1826లో జెనీవా సరస్సు మీద కొలాడన్, స్టర్మ్ అనే ఇద్దరు రాత్రిపూట ఒక ప్రయోగం చేశారు. ఒక పడవ నుంచి నీళ్లలోకి గంట వేలాడదీశారు. గంట మీద సుత్తి పడే క్షణంలోనే పైన తుపాకిమందు భగ్గుమనేలా ఏర్పాటు చేశారు. 13 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో రెండో పడవ ఉంది. అందులోని మనిషి వెలుగు కనబడగానే గడియారం నొక్కి, నీళ్లలో ముంచిన పొడవాటి గొట్టానికి చెవి ఆనించి గంట చప్పుడు కోసం కాచుకున్నాడు. తొమ్మిది సెకన్ల పైన పట్టింది. లెక్కవేస్తే నీళ్లలో శబ్దం సెకనుకు 1,435 మీటర్లు పోతోందని తేలింది. గాలిలో కంటే నాలుగు రెట్లు ఎక్కువ. ఇవాళ్టి పరికరాలతో కొలిచినా ఆ అంకె పెద్దగా మారదు. గంట, గొట్టం, గడియారంతో అంత కచ్చితంగా కొలిచారంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

శబ్దం వేగం తెలిస్తే ప్రతిధ్వని తిరిగొచ్చే సమయాన్నిబట్టి దూరం చెప్పొచ్చు. ఆ సంగతిని నిజంగా పనిలో పెట్టించింది 1912లో మంచుకొండను ఢీకొన్న టైటానిక్ ఓడ మునక. 1914లో ఫెసెండెన్ అనే ఇంజనీరు అట్లాంటిక్‌లో దాదాపు రెండు మైళ్ల దూరాన ఉన్న మంచుకొండను ప్రతిధ్వనితో పట్టుకున్నాడు. మొదటి ప్రపంచయుద్ధంలో జలాంతర్గాముల భయం కమ్ముకున్నప్పుడు ఫ్రాన్స్‌లో లాంజెవిన్ అనే భౌతికశాస్త్రవేత్త క్వార్ట్జ్ పలకను కరెంటుతో కంపింపజేసి, మన చెవికి అందని శబ్దాన్ని నీళ్లలోకి పంపాడు. ఇప్పటి సోనార్లన్నిటి గుండెలోనూ అలాంటి పలకే ఉంది.

చేపల కోసం సోనార్ అన్న ఆలోచనను 1948లో జపాన్‌లో ఫురునో సోదరులు అమ్మకానికి పనికొచ్చే యంత్రంగా మార్చారు. అది సముద్రం మీద బతికే జాలర్ల సరుకు. సరదాకు గాలం వేసే మంచినీటి వేటగాడికి ఇది అందడానికి మరో పదేళ్లు పట్టింది.

ఆ పని చేసింది అమెరికాలోని మిస్సోరీకి చెందిన కార్ల్ లోరన్స్, ఆయన కొడుకులు. వాళ్లు గాలి నింపిన సీసాలు వీపున కట్టుకుని సరస్సుల్లోకి దిగి, చేపలు ఎక్కడెక్కడ ఉంటాయో స్వయంగా చూశారు. పదో వంతు నీళ్లలోనే తొంభై శాతం చేపలు గుమిగూడి ఉంటాయని పైకొచ్చి చెప్పారు. ఆ పదో వంతు ఎక్కడో పడవలో కూర్చుని తెలుసుకోవాలని వాళ్లు చేసిన యంత్రమే 1959 నాటికి ఆకుపచ్చ రంగు చిన్న పెట్టెగా బజారుకొచ్చింది. బ్యాటరీలతో నడిచే ఆ పెట్టెలో ఒక చక్రం, దాని అంచున ఒక నియాన్ బల్బు. చక్రం గిర్రున తిరుగుతుంటుంది. ప్రతిధ్వని వచ్చిన క్షణంలో బల్బు వెలుగుతుంది. అంచు చుట్టూ అడుగుల అంకెలు. సున్నా దగ్గర మెరుపు నీటి పైభాగం, ఇరవై దగ్గర మెరుపు సరస్సు అడుగుభాగం. మధ్యలో సన్నగా తళుక్కుమంటే చేప. అంత తేలికైన ఆలోచన, అంత గట్టి పనితనం ఒకే పెట్టెలో కుదిరిన యంత్రాలు అరుదు.

తర్వాత కాగితం మీద గీసేవి, ఆపైన తెరలవి వచ్చాయి. చేప ఈ తెరల మీద విల్లులా వంగిన గీతగా పడుతుంది. బోటు దగ్గరవుతున్నప్పుడు దూరం తగ్గి, దాటిపోయాక మళ్లీ పెరగడమే ఆ వంపుకు కారణం. తెర కుడి అంచున ఉన్న ఒక్క గీతే వర్తమానం. దానికి ఎడమన ఉన్నదంతా జరిగిపోయినది. 2005లో హమ్మిన్‌బర్డ్ కంపెనీ తెచ్చిన పక్కచూపు సోనార్ మునిగిన చెట్టును కొమ్మలతో సహా చూపించింది. కానీ బోటు కదిలితేనే ఆ బొమ్మ ఏర్పడుతుంది, అదీ బోటు దాటి వచ్చిన చోటు బొమ్మే. చూసి వెనక్కి తిరిగి వచ్చేసరికి చేప అక్కడే ఉంటుందన్న హామీ లేదు.

కదలికను కదలికగా చూపాలంటే ఒక్క కిరణం చాలదు. ఆస్పత్రిలో కడుపులోని బిడ్డ కాలు ఆడించడం చూపే స్కానింగ్ యంత్రంలో చిన్నచిన్న పలకలు వరసగా ఉంటాయి. ఒక్కోదాన్ని లేశమంత ఆలస్యంతో మోగిస్తే, పరికరం కదలకుండానే కిరణం పక్కకు తిరుగుతుంది. నీళ్లలో ఇలా కదిలే బొమ్మలు చూపే సోనార్‌ను వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో అమెరికా నౌకాదళం అవసరాల కోసం తయారుచేశారు. దాని పేరు డిడ్సన్. అందులో కిరణాలను కూర్చింది ఆలస్యాలు కాదు, శబ్దాన్ని వంచే కటకాలు. అలాస్కా నదుల్లో ఎదురీదే సాల్మన్లను లెక్కపెట్టడానికి చేపల శాఖవాళ్లు దాన్నే వాడుకున్నారు. సరదా బోటు యజమాని కొనగలిగే ధర కాదది.

కాన్సస్‌లోని గార్మిన్ కంపెనీ 2015లో పనోప్టిక్స్ పేరుతో మొదటి ప్రయత్నం చేసింది. కదలిక కనబడింది కానీ అన్నీ రంగురంగుల మచ్చలే. 2018లో వచ్చిన లైవ్‌స్కోప్‌తో బొమ్మ తేటపడింది. నిలువునా 135 డిగ్రీలు, అడ్డంగా 20 డిగ్రీలు విచ్చుకునే కిరణాలు, పది లక్షల హెర్ట్జ్‌ల చుట్టుపక్కల పౌనఃపున్యం. ఆ స్థాయిలో శబ్ద తరంగం పొడవు మిల్లీమీటరున్నర. అందుకే వేలెడంత ఎర కూడా దొరుకుతుంది. అంత సన్నని తరంగాన్ని నీళ్లు తొందరగా మింగేస్తాయి కాబట్టి చూపు 60 మీటర్లకు మించి పోదు. పదిహేను మీటర్ల దూరంలోని చేపను తాకి తిరిగి రావడానికి సెకనులో యాభయ్యో వంతు చాలు. చేప మాంసం దాదాపు నీళ్లలాంటిదే. ప్రతిధ్వనిలో ఎక్కువ భాగం దాని కడుపులోని గాలితిత్తి నుంచే వస్తుంది. 2020లో లోరన్స్ కంపెనీ, 2021లో హమ్మిన్‌బర్డ్ తమ లైవ్ సోనార్లతో వచ్చేశాయి. తెరతో కలిపితే ఏదైనా వేల డాలర్ల సరుకే.

ఆ గాలితిత్తే నా ఆందోళనకు మూలం. పది మీటర్ల లోతున ఒత్తిడి పైకంటే రెట్టింపు. అక్కడి చేపను గబగబా పైకి లాగితే తిత్తిలోని గాలి రెండింతలకు ఉబ్బుతుంది. పట్టి వదిలేశామని తృప్తిపడినా, ఆ చేప మళ్లీ లోతుకు దిగలేక వెల్లకిలా తేలొచ్చు. ఒడ్డుకు, చెట్లకు దూరంగా నడినీళ్లలో తేలియాడే చేపల్ని ఇదివరకు వెతికేవాళ్లే తక్కువ, ఎందుకంటే వెతికినా దొరికేవి కావు. ఇప్పుడవే సులువైన గురి.

లైవ్ సోనార్ విషయంలో పోటీలు నడిపే సంస్థలు తలో దారి పట్టాయి. 2025 సీజనుకు నేషనల్ ప్రొఫెషనల్ ఫిషింగ్ లీగ్ లైవ్ సోనార్‌ను పూర్తిగా నిషేధించింది. అదే సీజనుకు బి.ఎ.ఎస్.ఎస్. తన ఎలైట్ పోటీల్లో బోటుకు ఒక్క లైవ్ సోనారే ఉండాలని, తెరలన్నీ కలిపి 55 అంగుళాలు దాటకూడదని గీత గీసింది. ఆ సీజనులోనే మేజర్ లీగ్ ఫిషింగ్ తన బాస్ ప్రో టూర్‌లో రోజును మూడు భాగాలు చేసి, ఒక్క భాగంలోనే దాన్ని వాడుకోనిచ్చింది. నాకు బాగా నచ్చింది ఈ చివరిది. కళ్లతో నీళ్లను చదివే నేర్పూ, తెరను చదివే నేర్పూ రెండూ ఆ రోజులో పరీక్షకు నిలిచాయి.

కానీ ఇవన్నీ పోటీల నియమాలు. సెలవురోజున సరస్సుకు వెళ్లే మామూలు వేటగాళ్లకు వర్తించేవి రాష్ట్రాలు పెట్టిన రోజువారీ పరిమితులు, అంటే మనిషికి ఇన్ని చేపలు, ఇంత పొడవు అన్న లెక్కలు. చాలాచోట్ల లైవ్ సోనార్ రాకముందు నుంచీ నడుస్తున్న ఆ లెక్కల వెనక, ఎక్కువమంది పరిమితి దాకా పట్టలేరన్న అంచనా ఉంది. తెరమీద చేపను చూస్తూ ఎర వేసేవాళ్లు పెరిగిన సరస్సుల్లో ఆ అంకెల్ని ముందుగా మళ్లీ లెక్కగట్టాలి.