‘అవును’ అనే మీట ఎక్కడుంది?

ఆ మధ్య కంప్యూటరులో ఆట ఆడుతూండగా, ఆడినంతవరకు భద్రపరచాలంటే ‘ఏ’ నొక్కమని తెరపై కనిపించింది. నా కంట్రోలరుపై ‘ఏ’ అని వ్రాసి ఉన్న మీటనే నొక్కాను. ఆట దానిని ‘వద్దు’ అని గ్రహించింది. రెండు గంటల శ్రమ గంగపాలు! కారణం వెదకబోతే కొంత చరిత్ర తెలిసింది.

1981లో ఐబీఎం పీసీకి విడిగా కొనుక్కునే గేమ్ అడాప్టరు ఉండేది. దాని 15 పిన్నుల ద్వారం నాలుగు అక్షాలను, నాలుగు మీటలను గుర్తించేది. జాయ్‌స్టిక్కును కదిపితే విద్యుత్ నిరోధం మారేది. ఆ మార్పును కంప్యూటరు కాలంగా కొలిచేది. మీట విషయం మరీ తేలిక: నొక్కారా, లేదా? మీటలకు పేర్లు లేవు. ఏ మీట ఏ పని చేయాలో ఆటే నిర్ణయించుకునేది. 1995లో డైరెక్ట్‌ఇన్‌పుట్, ఆపై యూఎస్‌బీ వచ్చాక మీటలు పెరిగాయి గాని, కంప్యూటరుకు అవి వట్టి అంకెలే.

పేర్లతోనే చిక్కు వచ్చింది. 1990లో నింటెండో తన సూపర్ ఫామికామ్‌లో ‘ఏ’ను కుడివైపున, ‘బి’ని క్రింద ఉంచింది. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్‌లో ‘ఏ’ క్రింద, ‘బి’ కుడివైపున. 2005లో ఎక్స్‌బాక్స్ 360తో వచ్చిన ఎక్స్‌ఇన్‌పుట్ ఈ రెండవ అమరికనే పీసీ ఆటలకు ప్రమాణం చేసింది. నా కొంప ముంచినది ఈ తేడాయే.

1994లో సోనీ ప్లేస్టేషన్‌పై అక్షరాలకు బదులు గుర్తులు వేసింది. జపానులో సున్న ఒప్పుకు, ఇంటూ తప్పుకు గుర్తులు. కనుక అక్కడ ‘అవును’ అంటే సున్న. పాశ్చాత్య దేశాలలో మాత్రం ఇంటూయే ‘అవును’గా స్థిరపడింది. 2020లో ప్లేస్టేషన్ 5తో జపానుకూ అదే వర్తించింది. మన బడిలో మాస్టారు ఇంటూ పెడితే ఒప్పని సంతోషిస్తామా? ఆ ఆటగాళ్ళ అవస్థ ఊహించుకోవచ్చు.

పీసీలో ఈ తగవుకు పరిష్కారం ఒక చిన్న పట్టిక. 2013లో వెలువడిన ఎస్‌డీఎల్ 2 ప్రతి కంట్రోలరుకూ ఒక వాక్యం వ్రాసుకుంటుంది: ఈ అంకె మీట ఈ స్థానానిది, అని. 2015 నుండి స్టీమ్‌లో ఆటగాళ్ళు తమ అమరికలను ఇతరులతో పంచుకుంటున్నారు. నేనూ అక్కడే రెండు మీటలను తారుమారు చేసి ఊపిరి పీల్చుకున్నాను.

నాకిది రెండు గంటల నష్టం మాత్రమే. చేతివ్రేళ్ళు సహకరించనివారికి ఇదే ఆటకు ప్రవేశద్వారం. 2018లో వచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలరు వెనుక, బయటి మీటలు తగిలించడానికి 19 రంధ్రాలున్నాయి. కాలితోనో, మోచేతితోనో నొక్కినది ‘ఏ’ కాగలదు.

ఇంగ్లీషు అక్షరాలున్న కీబోర్డుపై తెలుగు వ్రాసుకునే మనకు ఇది కొత్త సంగతేమీ కాదు. ‘కె’ మీట నొక్కితే ‘క’ పడుతున్నదంటే, ఎవరో మనకోసం ఓపికగా అటువంటి పట్టికే వ్రాసిపెట్టారు.