ఒకే మొక్క, వందేళ్ల కాపీలు: డొమినియన్ ఐరిస్ కథ

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, కోటలు లేవు. హీరో ఒక పువ్వు. పేరు డొమినియన్. టాల్ బియర్డెడ్ ఐరిస్ అనే జాతిలో ఒక రకం. దాదాపు నడుమెత్తు కాడ, పైకి నిలబడే మూడు లేత ఊదా రేకులు, కిందికి వాలే మూడు ముదురు ఊదా రేకులు. వాలిన రేకు మీద గొంగళిపురుగులా ఒక నూగు గీత ఉంటుంది. అదే దాని గడ్డం, 'బియర్డెడ్' అన్న మాట అక్కడిదే.

19వ శతాబ్దంలో యూరప్ తోటల్లో ఉన్న ఐరిస్‌ల పూలు ఇంత పెద్దవి కావు. కేంబ్రిడ్జిలో ఫిజియాలజీ ప్రొఫెసర్ మైఖేల్ ఫోస్టర్‌కి ఈ పూలంటే పిచ్చి. విదేశాల్లో ఉన్న మిషనరీలకు ఉత్తరాలు రాసి దుంపలు తెప్పించుకునేవాడు. అలా 1885లో ఉత్తర టర్కీలోని అమాస్యా నుంచి 'అమాస్' వచ్చింది. పువ్వు బాగా పెద్దది. కానీ పాత రకాలతో కలిపితే, పుట్టిన మొక్కలు చాలావరకు విత్తనం కట్టేవి కావు.

ఎందుకు? మన భాషలో చెప్పాలంటే వెర్షన్ మిస్‌మ్యాచ్. పాతవాటికి 24 క్రోమోజోములు, అమాస్‌కి 48. ఈ లెక్క అప్పటికి ఎవరికీ తెలీదు. ఫోస్టర్ 1907లో చనిపోయాడు, కారణం తెలుసుకోకుండానే.

తర్వాత వచ్చాడు ఆర్థర్ బ్లిస్. ఇంగ్లండ్‌లోని డెవన్‌లో ఉండేవాడు, సివిల్ ఇంజనీర్. మనోడే అనుకోండి! కార్డీలియా అనే పాత రకాన్ని అమాస్‌తో కలిపాడు. ఆ విత్తనాల్లోంచి వచ్చిన ఒక్క మొక్కే డొమినియన్. ఇది విత్తనం కట్టింది, పిల్లల్నీ ఇచ్చింది. 1917లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, ఒక దుంపని 5 గినీలకు అమ్మారు. ఒక పూల మొక్కకి అప్పట్లో అది మామూలు ధర కాదు. బ్రూనో, కార్డినల్ లాంటి రకాలు దీని సంతానమే. ఇప్పటి పెద్ద ఐరిస్‌లలో చాలావాటి వంశవృక్షంలో ఇది కనిపిస్తుంది.

అసలు పాయింట్ ఇక్కడుంది. విత్తనం నాటితే డొమినియన్ రాదు, ఇంకేదో వస్తుంది. దుంపని ముక్క చేసి నాటితేనే అదే మొక్క. అంటే ఇప్పుడు ఎక్కడున్న డొమినియనైనా బ్లిస్ తోటలోని ఆ ఒక్క మొక్క ముక్కే. పైగా ఒకసారి పూసిన దుంప మళ్లీ పూయదు, పక్కన వచ్చే పిలకలే పూస్తాయి. మూడు నాలుగేళ్లకోసారి ఎవరో ఒకరు తవ్వి విడదీయకపోతే గుబురైపోయి పూలు తగ్గిపోతాయి. సర్వర్‌లో బ్యాకప్ లేదు. మనుషుల చేతులే బ్యాకప్.

పెంచడం కష్టమేం కాదు. రోజుకి కనీసం ఆరు గంటల ఎండ, నీళ్లు నిలవని నేల కావాలి. పసుపు కొమ్ములా లోతుగా పాతొద్దు, దుంప వీపు ఎండకి కనబడాలి. లేకపోతే కుళ్లిపోతుంది. పూత అయ్యాక, ఎండాకాలం సగం దాటాక విడదీసి, ఆకుల్ని జానెడు ఉంచి కోసి నాటాలి. దీనికి గట్టి చలికాలం కావాలి కాబట్టి హైదరాబాద్, విజయవాడల్లో పూయించడం కష్టం. చలి ఉన్న అమెరికా ఊళ్లలో ఉన్న మనవాళ్లు మాత్రం ట్రై చేయొచ్చు.

మిగిలిన ముక్కలు పక్కింటివాళ్లకి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు చిన్న చీటీ మీద పేరు రాయండి. ఎందుకంటే చాలా పాత రకాలు చావలేదు, ఎవరి పెరట్లోనో బతికే ఉన్నాయి. పేరే పోయింది.

మళ్లీ కలుద్దాం, ఫ్రెండ్స్.