విజయ పంపిన కుర్చీ

దగ్గరికి జరగండర్రా, మంట ఇటువైపే బాగా అందుకుంది. ఇవాళ రాజుగారి కథ కాదు, నిజంగా జరిగిందే చెబుతాను. 1924 నాటి మాట. మన మదనపల్లెలో ఉండి జనగణమనని ఇంగ్లీషులోకి మార్చారే, ఆ రవీంద్రనాథ్ ఠాగూరు గారికి అప్పుడు 63 ఏళ్లు. పెరూ దేశం వాళ్లు తమ ఉత్సవాలకి పిలిస్తే ఓడెక్కారు. సముద్రం మీదే జ్వరం తగులుకుంది. అర్జెంటీనాలో బ్యూనస్ ఐరిస్ రేవులో దిగేసరికి మనిషి నీరసించిపోయారు. ఇక పెరూ ప్రయాణం వద్దు, విశ్రాంతి తీసుకోండన్నారు డాక్టర్లు. తోడున్నది ఎల్మ్‌హర్స్ట్ అనే ఇంగ్లీషాయన ఒక్కడు. ఊరు కాని ఊరు, భాష కాని భాష.

ఆ ఊళ్లో విక్టోరియా ఒకాంపో అని 34 ఏళ్ల ఆవిడ ఉండేది. బాగా కలిగినవాళ్ల బిడ్డ. కానీ కాపురం కుదరలేదు, విడిపోదామంటే అప్పటికి అక్కడ విడాకుల చట్టమే లేదు. లోలోపల కుమిలిపోతున్న రోజుల్లో గీతాంజలి ఫ్రెంచి అనువాదం చేతికి దొరికింది. చదువుతూ చదువుతూ ఏడ్చేసిందట. పదేళ్ల తర్వాత ఆ రాసినాయనే తమ ఊరి హోటల్లో జబ్బుపడి ఉన్నారని తెలిస్తే ఊరుకుంటుందా? తిన్నగా వెళ్లి, నేను చూసుకుంటాను రండి అంది. అన్నదేగాని, పుట్టింటివాళ్లు తమ ఇల్లివ్వలేదు. చుట్టాలది, శాన్ ఇసీద్రోలో నది ఒడ్డున ఉన్న ఇల్లు అద్దెకి తీసుకుంది. ఖర్చులకి తన వజ్రాల కిరీటం అమ్మేసింది. ఎవరో ఎరగని పెద్దాయన కోసం నగ అమ్ముకోవడమంటే మాటలా!

వారమనుకున్నది రెండు నెలలైంది. ఆయన ఆవిడని విజయ అని పిలిచేవారు. ఆవిడకి ఆయన గురుదేవులు. పుస్తకాలన్నీ నమిలి మింగిన మనిషి, ఆయన ఎదురుగా కూర్చుంటే మాత్రం ఆవిడకి మాట పెగిలేది కాదట. ఆ చనువు మీద నలుగురూ నాలుగు రకాలుగా చెప్పుకున్నారు. నాకవన్నీ అనవసరం. ఒంటరితనం తెలిసిన ఇద్దరు ఒకరి దగ్గర ఒకరు సేదదీరారు, నేను నమ్మేది అదే.

ఆయన రాసుకునే నోటుబుక్కులో కొట్టివేతలుండేవి. ఆ కొట్టేసిన మాటల్ని గీతలతో కలిపి ఇక్కడ ఓ ముక్కు, అక్కడ ఓ రెక్క, ఇంకోచోట ఏ లోకానిదో ఓ జంతువు మొహం దించేవారు. అందరికీ అది పిచ్చిగీత. విజయ కన్ను అక్కడే ఆగింది. 1930లో ఆయన తన బొమ్మలన్నీ వెంటబెట్టుకుని పారిస్ వెళ్తే, అంత పెద్ద ఊళ్లో హాలు దొరకాలంటే ఏడాది పడుతుందన్నారు. ఆవిడ కొద్ది రోజుల్లోనే పిగాల్ గ్యాలరీ మాట్లాడేసింది. ఠాగూరు చిత్రకారుడని లోకానికి తెలిసింది అప్పుడే. నన్నడిగితే నగ అమ్మడం కంటే ఇది పెద్ద పని.

ఇక కుర్చీ సంగతి. ఆ ఇంట్లో ఆయన కూర్చునే వాలుకుర్చీ, మన తాతల నాటి పడక్కుర్చీలాగా ఒళ్లంతా పట్టేది. 1925 జనవరిలో ఆయన తిరుగు ప్రయాణమైతే, అదీ ఓడెక్కాల్సిందే అని పట్టుబట్టింది. ఓడలో ఆయన గది తలుపులో దూరలేదు. దూరకపోతే తలుపు ఊడదీయండి అంది. ఊడదీయించే లోపల పెట్టించింది! అది శాంతినికేతన్ చేరింది. చివరి రోజుల్లో, 1941లో, మంచాన పడ్డాక కూడా ఆ కుర్చీని తలుచుకుని ఓ కవిత రాశారు.

పారిస్ తర్వాత మళ్లీ కలుసుకోలేదు. రమ్మని ఆయన ఉత్తరాల్లో పిలుస్తూనే ఉన్నారు, ఆవిడకి రావడం పడలేదు. ఆయన 1925లోనే పూరబి అనే కవితల పుస్తకం విజయ చేతుల్లో పెడుతున్నానని అంకితమిచ్చారు. ఆయన పోయిన ఇరవై ఏళ్లకి, శతజయంతి నాడు, ఆవిడ ఆ రెండు నెలల మీద ఓ పుస్తకమే రాసింది. 1968లో ఠాగూరు గారి విశ్వవిద్యాలయం విశ్వభారతి ఆవిడకి దేశికోత్తమ బిరుదు ప్రకటిస్తే, ఇందిరాగాంధీ స్వయంగా బ్యూనస్ ఐరిస్ వెళ్లి అందించింది. విజయకి అప్పుడు 78. ఆ నది ఒడ్డు ఇంట్లో దిగిననాటి ఠాగూరు గారికంటే పదిహేనేళ్లు పెద్దది.