జిగురు నుంచి వేడికి: టీ బ్యాగు అతుకు చరిత్ర

కాగితం వేడికి కరిగే పదార్థం కాదు. అందులోని సెల్యులోజు, అంటే మొక్కల నారకు మూలమైన పదార్థం, వేడెక్కేకొద్దీ తేమను కోల్పోయి, పసుపు తిరిగి, చివరికి మాడిపోతుందే తప్ప మెత్తబడి మరొక కాగితానికి అంటుకోదు. అందువల్ల వేడితో అతికే కాగితపు సంచి చరిత్రలో యంత్రాలకు ఎంత పాత్ర ఉన్నదో, కాగితంలో చేరిన మరో పదార్థానికీ అంతే పాత్ర ఉన్నది. ఈ సంగతి మిక్కిలి స్పష్టంగా కనిపించే వస్తువు టీ బ్యాగు.

సంచుల యంత్రం పుట్టిన కాలంలో అతికించే పనంతా జిగురుదే. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రపు బెత్లెహేమ్ పట్టణానికి చెందిన ఉపాధ్యాయుడు ఫ్రాన్సిస్ వోల్ 1852లో కాగితపు సంచుల యంత్రానికి పేటెంట్ పొందాడు. ఆ తొలి తరం సంచులు కవరు మాదిరిగా బల్లపరుపుగా ఉండేవి. అడుగు చదునుగా ఉండి నిలబడే సంచిని మాత్రం మనుషులే చేత్తో మడిచి అంటించవలసి వచ్చేది. మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కాగితపు సంచుల కంపెనీలో పనిచేస్తున్న మార్గరెట్ నైట్ ఈ చేతిపనిని యంత్రానికి అప్పగించే మార్గం కనిపెట్టి, ముందు కొయ్యతో నమూనా తయారుచేసి, తరువాత ఇనుముతో చేయించే ప్రయత్నంలో ఉండగా, కార్ఖానాలో దానిని చూసిన చార్లెస్ ఆనన్ అదే యంత్రానికి తన పేరిట పేటెంట్ సంపాదించాడు. నైట్ ఊరుకోలేదు. తన చిత్తు పటాలు, నమూనాలు, సాక్షుల వాంగ్మూలాలు పేటెంట్ కార్యాలయం ముందుంచి వాదించి గెలిచింది. 1871 జూలై 11న పేటెంట్ ఆమెకే దక్కింది. కార్మికురాలిగా బతికిన ఒక స్త్రీ ఆ రోజుల్లో ఇంతటి వ్యాజ్యాన్ని గెలవడం సంచి తయారీ చరిత్రలోనే గాక పరిశ్రమల చరిత్రలోనూ గొప్ప ఘట్టం.

అయితే జిగురుకు కొన్ని పరిమితులున్నాయి. పిండి జిగురులోని తడికి పలుచని కాగితం ముడతలు పడుతుంది, అది ఆరేదాకా అతుకు గట్టిపడదు, పైగా మళ్ళీ నీరు తగిలితే ఊడిపోతుంది. తెలుగునాట పాత పత్రికల కాగితానికి ఉడికించిన మైదా జిగురు రాసి ఇళ్ళలో చేసి కిరాణా కొట్లకు ఇచ్చే సంచులకు ఈ లోపం అంతగా అడ్డు రాలేదు, ఎందుకంటే వాటిలో పోసే పప్పు, పంచదార పొడిగానే ఉంటాయి. మరుగుతున్న నీళ్ళలో మునిగే సంచి సంగతి వేరు.

టీ కోసం మొదట వచ్చినవి గుడ్డ సంచులే. న్యూయార్క్ వర్తకుడు థామస్ సలివాన్ 1908 ప్రాంతంలో పట్టు సంచుల్లో నమూనాలు పంపగా కొనుగోలుదారులు వాటిని అలాగే నీళ్ళలో వేశారన్న కథ బాగా ప్రచారంలో ఉన్నది గాని, మిల్వాకీకి చెందిన రాబర్టా లాసన్, మేరీ మెక్‌లారెన్ అనే ఇద్దరు స్త్రీలు నూలు వల సంచికి 1903లోనే పేటెంట్ పొందారు కనుక మొదటి గౌరవం వారికే చెందాలి. గుడ్డ స్థానంలోకి కాగితం రావడానికి తోడ్పడినది అబాకా. ఇది ఫిలిప్పీన్స్‌లో పండే అరటి జాతి మొక్క. దీని నార పొడవైనది కావడంతో దానితో చేసిన కాగితం పలుచగా ఉండి కూడా తడిస్తే చిరగదు. కనెటికట్‌లోని విండ్సర్ లాక్స్‌లో ఉన్న డెక్స్టర్ కంపెనీ ఇటువంటి పొడవు నార కాగితానికి పేరు పొందింది.

ఈ కాగితాన్ని అతికించడానికి రెండు దారులు ఏర్పడ్డాయి. జర్మనీలో ఆడోల్ఫ్ రాంబోల్డ్ 1949లో రూపొందించిన కాన్‌స్టాంటా యంత్రం వేడినీ జిగురునూ కాదని, కాగితాన్ని రెండు అరలుగా మడిచి పైన చిన్న లోహపు పిన్ను కొట్టేది. రెండవ దారి థర్మోప్లాస్టిక్కుది, అంటే వేడికి మెత్తబడి చల్లారితే గట్టిపడే ప్లాస్టిక్కుది. మొదట వినయాన్ వంటి కృత్రిమ నారలు, ఆ తరువాత పాలీప్రొపిలీన్ నార అబాకా కాగితంలో చేరాయి. ఈ నార కాగితానికి ఒక ముఖం వైపే ఎక్కువగా ఉండేలా చేయడంలోనే అసలు నేర్పు ఉన్నది: రెండు పొరలనూ ప్లాస్టిక్ ముఖాలు ఎదురెదురుగా ఉంచి నొక్కితే అవి ఒకదానికొకటి అంటుకుంటాయి గాని, బయటి ముఖం కాలుతున్న రోలరుకు అంటుకోదు.

యంత్రంలో పని ఈ విధంగా సాగుతుంది. కింది కాగితం మీద కొలత ప్రకారం సుమారు 2 గ్రాముల టీ పొడి కుప్పలు కుప్పలుగా పడుతుంది. పైనుంచి రెండవ కాగితం కప్పుతుంది. గాట్లున్న వేడి రోలర్లు కుప్పల చుట్టూ మాత్రమే నొక్కుతాయి. తరువాత కత్తి వాటిని విడదీస్తుంది. అతుకు మధ్య పొడి రేణువులు చిక్కుకుంటే అక్కడ సందు మిగిలి, కప్పులోకి పొడి దిగుతుంది కనుక పొడి సరిగ్గా నడుమ పడటం ముఖ్యం. పాలీప్రొపిలీన్ సుమారు 160 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. సెల్యులోజు మాడాలంటే అంతకన్నా చాలా ఎక్కువ వేడి కావాలి. మరిగే నీటి వేడి 100 డిగ్రీలు దాటదు. కాగితం మాడకుండా అతుకు పడటానికీ, ఆ అతుకు కప్పులో విడిపోకుండా ఉండటానికీ ఈ అంతరమే ఆధారం. బ్రిటన్‌లో టెట్లీ అనే టీ కంపెనీ 1953లో టీ బ్యాగులను ప్రవేశపెట్టగా, తరువాతి దశాబ్దాలలో ఆ దేశంలో విడి టీ పొడి వాడకం క్రమంగా వెనుకబడింది.

నీళ్ళలో చెక్కుచెదరని ఆ గుణమే మట్టిలో చేటయింది. నార కుళ్ళిపోయినా ప్లాస్టిక్ వల మిగులుతుంది. ఈ విమర్శ పెరిగాక 2018లో బ్రిటన్‌లోని పీజీ టిప్స్ అనే టీ బ్రాండు పాలీప్రొపిలీన్‌కు బదులు మొక్కజొన్న పిండి పదార్థం నుంచి తీసిన పాలీలాక్టిక్ ఆమ్లాన్ని వాడతామని ప్రకటించింది. ఇదీ వేడికి కరిగి అతుక్కునేదే గాని, సక్రమంగా కుళ్ళాలంటే సుమారు 60 డిగ్రీల వేడి నిలిచే పారిశ్రామిక కంపోస్టు కేంద్రం కావాలి. పెరటి ఎరువుగుంతలో అంత వేడి నిలవదు. అందుచేత వాడిన టీ బ్యాగును మొక్కల మొదట్లో వేసేవారు సంచిని చించి, పొడిని మాత్రమే మట్టిలో కలపడం మేలు.