కీచుమనేది బెల్టే, తప్పు చాలాసార్లు మరొకదానిది

బానెట్ కింద నుంచి కీచుమనే మోత వస్తే బెల్టు మార్చి పంపడం మన షెడ్లలో పాతుకుపోయిన అలవాటు. దాన్ని మెకానిక్ అజ్ఞానం అని కొట్టిపారేయడం తేలిక, కానీ అన్యాయం. ఒకప్పటి ఇంజన్లకు అదే సరైన మరమ్మతు. ఫోర్డ్ మోడల్ టీ తొలి రోజుల్లో ఫ్యానును తిప్పింది బల్లపరుపు తోలు పట్టీ. కాస్త నూనె పడినా జారేది. 1917లో అమెరికాలోని డెన్వర్‌లో జాన్ గేట్స్ వి ఆకారపు రబ్బరు బెల్టు తెచ్చాడు. లాగుడు పెరిగేకొద్దీ అది గాడిలోకి దిగి రెండు పక్కగోడలనూ ఒరుసుకుని పట్టుకుంటుంది. పాత అంబాసిడర్లలో ఇలాంటి బెల్టు ఒక్కటే వాటర్ పంపునూ, ఫ్యానునూ, డైనమోనూ తిప్పేది. బిగువు చూడటానికి బొటనవేలితో నొక్కితే చాలు. సుమారు అరంగుళం దిగాలి. అంతకంటే దిగితే డైనమో బోల్టు వదులు చేసి, బయటికి లాగి, మళ్లీ బిగించాలి. బెల్టు సాగినా, పక్కలు నున్నబడి మెరిసినా జారేది, అరిచేది. ఆ అరుపును పట్టించుకోకపోతే బ్యాటరీకి ఛార్జింగ్ తగ్గేది, రేడియేటర్ మరిగేది. అంటే అప్పట్లో నేరం నిజంగానే బెల్టుది, లేదా దాని వదులుది.

1979 ఫోర్డ్ మస్టాంగ్‌తో కథ మారింది. నిలువు గాళ్లున్న ఒకే పొడవాటి బెల్టు అన్ని పుల్లీలనూ చుట్టి వచ్చింది. బిగువు చూసే పని మెకానిక్ చేతిలోంచి స్ప్రింగు టెన్షనర్‌కు పోయింది. 1990ల తర్వాత రబ్బరూ మారింది. పాత నియోప్రీన్ బెల్టు ముసలిదైతే పగుళ్లు కనిపించేవి, కంటితో తేల్చేయొచ్చు. ఇప్పటి ఈపీడీఎం బెల్టు అంత తొందరగా పగలదు. టైరులా లోలోపల అరిగి గాడి అడుగును తాకుతుంది. చూపుకు బాగానే ఉంటుంది, పట్టు మాత్రం ఉండదు. అందుకే ఇప్పుడు చూపు కన్నా పరీక్ష ముఖ్యం. నడుస్తున్న ఇంజన్‌లో బెల్టు గాళ్ల వైపు, చేతులు దూరంగా ఉంచి, కొద్దిగా నీళ్లు చిమ్మాలి. కిచకిచ ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలైతే ఏదో పుల్లీ వరుస తప్పింది. మోత ఇంకా పెరిగితే బిగువు చాలక జారుతోంది. ఏ మార్పూ లేకపోతే బేరింగుల మీద అనుమానం పడాలి. ఇంజన్ ఆపి, బెల్టు తీసి, ఒక్కో పుల్లీని చేత్తో తిప్పితే గరగర దొరుకుతుంది.

కొత్త బెల్టు వేస్తే మోత పోతోంది కదా అనేవారికి జవాబుంది. కొత్త గాళ్లు నిండుగా ఉంటాయి, నీరసించిన స్ప్రింగు కూడా కొన్నాళ్లు వాటిని పట్టి ఉంచగలదు. వరుస తప్పిన పుల్లీ అయితే కొత్త బెల్టు అంచును కూడా అలాగే తింటుంది. కొన్నాళ్లకు మోత తిరిగొస్తే తిట్లు బెల్టు కంపెనీకి పడతాయి. ఇంకొక పాత అలవాటు, బెల్టు మీద జిగురు మందు చల్లడం. మిల్లుల్లో తోలు పట్టీలు ఎండిపోకుండా, జారకుండా అలాంటి మందు పూసేవారు, అక్కడ దానికి అర్థముంది. రబ్బరు మీద అది దుమ్మును పట్టి ఇంకా చెడగొడుతుంది.

బెల్టు ఖరీదు తక్కువ, టెన్షనర్‌ది ఎక్కువ, కాబట్టి ముందు చవకది మార్చి చూడటమే వివేకం కాదా అనే వాదన మాత్రం గట్టిది. బెల్టు వయసు నిజంగా అయిపోయి ఉంటే అలా చేయడంలో తప్పు లేదు. కానీ దానికి ముందు చేసే నీళ్ల పరీక్షకు రూపాయి ఖర్చు లేదు. 2009లో వచ్చిన మూడో తరం టయోటా ప్రియస్ వంటి బండ్లలో ఆ పరీక్షే అవసరం లేదు. వాటర్ పంపు, ఏసీ, స్టీరింగ్ అన్నీ కరెంటుతో తిరుగుతాయి గనుక ఈ బెల్టునే తీసేశారు. మిగిలిన కోట్ల బండ్లలో ఆ బెల్టు ఇంకా తిరుగుతూనే ఉంది.